సాల్మన్ రైస్ బౌల్: పదేపదే అడిగే సందేహాలు, జవాబులు

మేముండేది సియాటిల్ దగ్గర. మనకి బొచ్చె, శీలావతి ఎలాగో ఇక్కడ సాల్మన్ అలాగ, ఏ కొట్టుకెళ్ళినా ఉంటుంది. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి, అరగంటలో అన్నం, చేప, నాలుగు పచ్చి కూరముక్కలు ఒకే గిన్నెలో పెట్టుకుని తినడం మా ఇంట్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది. చదువుకని కొత్తగా దిగిన పిల్లలు, పెళ్ళయి వచ్చిన చెల్లెలు, ఇండియా నుంచి ఫోన్ చేసే వదిన, అందరూ తిప్పితిప్పి అవే అడుగుతుంటే ఒకచోట రాసి పెట్టాను. సగం ప్రశ్నలకి మూలం ఒకటే. చేపల పులుసుకి అలవాటుపడ్డ చెయ్యి సాల్మన్ దగ్గర ఎప్పుడు ఆగాలో తెలియక ఇబ్బంది పడుతుంది. కొలతలన్నీ ఇద్దరికి.

## కొనేటప్పుడు

సాల్మన్ అంటే మన మాగ చేపేనా? ఇండియన్ సాల్మన్ అని అమ్ముతున్నారు కదా!

కాదు. ఇండియన్ సాల్మన్, రావస్ అని అమ్మేది మాగ. మన సముద్రంలో దొరికే తెల్ల మాంసం చేప. రుచికి వంక పెట్టలేం కానీ చుట్టరికం మాత్రం లేదు. అసలు సాల్మన్ చల్లటి నీళ్ళ చేప. ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికి ఎదురెక్కుతుంది, మన పులస గోదారికి ఎదురీదినట్టే. అక్టోబరులో ఇక్కడికి దగ్గర్లోని ఇసక్వా ఊళ్ళో హేచరీ (చేపపిల్లల్ని పొదిగించే చోటు) దగ్గర నిలబడితే అవి నీళ్ళలోంచి ఎగిరెగిరి పడటం కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా నాన్నగారు గట్టున అరగంట కదల్లేదు. అయితే ఒక తేడా ఉంది. పులసని గోదారి ఎక్కాక కొంటాం. సాల్మన్‌ని ఏరెక్కకముందే పట్టాలి. ఏట్లోకి వచ్చాక అది తిండి మానేస్తుంది, ఒంట్లో కొవ్వంతా ఈతకే కరిగిపోతుంది.

పెంచిన సాల్మన్ కొనాలా, వైల్డ్ (పెంచకుండా సహజంగా పెరిగింది) కొనాలా?

కొత్తగా వండుతుంటే పెంచిందే కొనండి. అట్లాంటిక్ సాల్మన్ అని రాసి ఉన్నది దాదాపు ఎప్పుడూ పెంపకందే. నార్వే, చిలీ, స్కాట్లాండ్, కెనడాల నుంచి వస్తుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా మెత్తగానే ఉంటుంది. అలాస్కా నుంచి వచ్చే సాకై వైల్డ్ చేప. ఎర్రగా, రుచి గాఢంగా ఉంటుంది కానీ కొవ్వు తక్కువ, ముక్క పల్చన. కాస్త ఏమరితే బెరడు నమిలినట్టుంటుంది. మే నెలలో అలాస్కాలోని కాపర్ రివర్ అనే నది సాల్మన్ విమానంలో సియాటిల్‌లో దిగుతుంది. ఆ ధర చూశాక పుస్తెలమ్మి పులస తినమన్న సామెత ఒక్క గోదావరి వాళ్ళదే కాదనిపించింది. దాన్ని ఉప్పు, మిరియాలతో విడిగా తినాలి. సోయా సాస్ గిన్నెలో ముంచెయ్యడం వృథా.

ఆ నారింజ రంగు కోసం రంగు వేస్తారట, నిజమేనా?

ముక్కకి రంగు పూయరు. సముద్రంలో సాల్మన్ తినే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్లో ఆస్టాజాంథిన్ అనే పదార్థం ఉంటుంది, రంగు దాని నుంచే వస్తుంది. పెంచే చేపకి అదే పదార్థాన్ని మేతలో కలుపుతారు.

ఇద్దరికి ఎంత కావాలి? ఏ ముక్క అడగాలి?

మనిషికి 170 గ్రాములు, అంటే ఇక్కడి లెక్కలో 6 ఔన్సులు. నడుం భాగం అడగండి, అంతటా ఒకే మందం ఉంటుంది. తోక వైపు సన్నబడుతుంది కాబట్టి ఒక కొస ఉడికేసరికి రెండో కొస ఎండిపోతుంది. తోక ముక్కే దొరికితే ఆ సన్నటి కొసని కిందికి మడిచి వండండి.

మేం విజయవాడలో ఉన్నాం. సాల్మన్ ధర చూస్తే భయమేస్తోంది. వేరే చేపతో కుదరదా?

బాగా కుదురుతుంది. నా ఓటు పండుగప్పకి. నడిముల్లు తీయించి, తోలు ఉంచి రెండు పలకలుగా కోయించుకోండి. వంజరం గుండ్రటి ముక్కలు కూడా బాగుంటాయి, మధ్య ముల్లు వండాక తేలిగ్గా వచ్చేస్తుంది. కొరమీను గట్టి కండ కాబట్టి చిన్న ముక్కలుగా కోసి వేయించాలి. బొచ్చె, రాగండి మాత్రం వద్దు. చిన్న ముళ్ళు ఏరుకుంటూ గిన్నె భోజనం చెయ్యలేం.

## ఫ్రిజ్‌లోంచి తీశాక

ఫ్రీజర్‌లో ఉన్న ముక్కని పొద్దున్నే బయటపెట్టి ఆఫీసుకి వెళ్ళొచ్చా?

వద్దు. ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. గాలి తీసేసి సీలు చేసిన ప్యాకెట్ అయితే దాన్ని చింపి, చేపని గిన్నెలోకి తీసి మూత పెట్టండి. గాలి ఆడని చోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఒకటుంది, బాటులిజం తెచ్చేది. మంచు వదిలాక కూడా చేప ఆ సీలులోనే ఉండిపోతే దానికి అవకాశం ఇచ్చినట్టే. మర్చిపోయారా? ప్యాకెట్‌లోంచి తీసి, జిప్ సంచిలో వేసి చన్నీళ్ళలో ముంచండి, అరగంటలో మెత్తబడుతుంది. వేన్నీళ్ళు వాడొద్దు.

ఉప్పు, పసుపు, నిమ్మకాయ వేసి ఎన్నిసార్లు కడగాలి?

ఒక్కసారి కూడా అక్కర్లేదు. ఇది చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. ఆవిడ లెక్కలో చేప అంటే రాళ్ళుప్పుతో రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, మజ్జిగో నిమ్మరసమో పోసి మళ్ళీ కడగాలి. పొలుసు, పేగులు, నెత్తురుతో వచ్చే చెరువు చేపకి ఆ పని అవసరమే. కొట్టులో శుభ్రం చేసి, ముళ్ళు తీసి, పలకగా కోసిన సాల్మన్‌కి నీళ్ళే శత్రువు. తడిసిన ముక్క పెనం మీద వేగదు, ఉడుకుతుంది. పైగా సింకు చుట్టూ పచ్చి చేప నీళ్ళు చిమ్ముతాయి. పేపర్ టవల్ తీసుకుని రెండు వైపులా అద్దండి. కాగితం తడిసిపోతే ఇంకోటి తీసుకోండి. వేలు పెడితే జారకుండా, కొద్దిగా అంటుకున్నట్టు తగిలేదాకా తుడవాలి. ఇక వాసన సంగతి. మంచి సాల్మన్‌కి సముద్రపు గాలి వాసన లీలగా ఉంటుందంతే. ముక్కు పుటాలు అదిరేలా నీచు కొడితే పారెయ్యండి, నిమ్మకాయలతో బాగుపడదు.

ముళ్ళన్నీ తీసేసే ఉంటాయా? పిల్లలకి పెట్టాలి.

నమ్మొద్దు. ముక్క మధ్యగీత వెంబడి వేలితో మెల్లగా, రెండు దిక్కులా నిమరండి. సూది మొనల్లా తగిలితే అవే. కనుబొమల ప్లకర్ ఒకటి వంటింటికని విడిగా పెట్టుకోండి. ముల్లు ఏటవాలుగా ఏ వైపుకి వాలి ఉందో ఆ వైపుకే లాగండి, నిలువునా పీకితే మాంసం చిరుగుతుంది.

అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచనా?

కోడి కాదు కదండీ. నిమ్మరసం పది నిమిషాలు దాటితే సాల్మన్ పైపొర తెల్లబడి పిండిపిండి అవుతుంది. అల్లంవెల్లుల్లి ముద్ద పెనం మీద చేప కంటే ముందు మాడుతుంది. ఉప్పు, మిరియాలపొడి, ఇష్టమైతే అర చెంచా కాశ్మీరీ కారం చాలు, అదీ పెనం ఎక్కించే ముందు. నిమ్మకాయ తినేటప్పుడు పిండుకోండి.

## అన్నం

సోనా మసూరితో చెయ్యొచ్చా, సుషీ బియ్యమే కొనాలా?

చెయ్యొచ్చు, మేం వారంలో సగం సార్లు అదే వాడతాం. పొడిపొడిగా మాత్రం వండకండి. బౌల్ అన్నం చెంచాతో తీస్తే ముద్దగా రావాలి, సాస్ అడుగుకి జారిపోకుండా అన్నమే పట్టుకోవాలి. గ్లాసు బియ్యానికి రెండుంపావు గ్లాసుల నీళ్ళు పోస్తే సరిపోతుంది. జిగురు అన్నం కావాలంటే కాల్‌రోజ్ కొనండి. కాలిఫోర్నియాలో 1948 నుంచీ పండిస్తున్న రకం, జపాన్ బియ్యం కంటే చవక. దీనికి గ్లాసుకి గ్లాసుంపావు నీళ్ళే. మన చేతివాటంగా రెండు పోశారో, అది జావే. బాస్మతి మాత్రం వద్దు, ఆ వాసనకీ సోయా సాస్‌కీ పడదు.

రైస్ కుక్కర్ కప్పుతో కొలిస్తే ఒకలా, ఇంట్లో కప్పుతో కొలిస్తే ఒకలా వస్తోంది. ఎందుకు?

కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు, అది జపాన్ పాత కొలత. అమెరికా కొలత కప్పు సుమారు 240. బియ్యం ఒక దాంతో, నీళ్ళు ఇంకో దాంతో పోస్తే లెక్క తప్పుతుంది. దేంతోనైనా కొలవండి, రెండూ దాంతోనే కొలవండి. ఇద్దరికి కుక్కర్ కప్పుతో ఒకటిన్నర చాలు.

అన్నంలో వెనిగర్, పంచదార కలపాలా?

సుషీకి కలుపుతారు. పనిరోజు రాత్రి నేను కలపను.

నిన్నటి అన్నం ఫ్రిజ్‌లో రాయిలా అయింది. ఐస్ ముక్క చిట్కా నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. 2021లో ఎమిలీ మారికో అనే అమ్మాయి టిక్‌టాక్‌లో మిగిలిన సాల్మన్, మిగిలిన అన్నంతో చేసిన గిన్నె ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అన్నం మీద ఒక ఐస్ ముక్క, పైన పార్చ్‌మెంట్ కాగితం, మైక్రోవేవ్. విచిత్రమేమిటంటే ఐస్ పెద్దగా కరగదు, తర్వాత తీసి పారెయ్యొచ్చు. మైక్రోవేవ్ నీటిని వేడెక్కించినంత తేలిగ్గా గడ్డకట్టిన మంచుని వేడెక్కించలేదు. పైపైన కరిగిన కాస్త నీరే ఆవిరై అన్నాన్ని మెత్తబరుస్తుంది. ఐస్ లేకపోతే రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూత పెట్టినా అంతే. అసలు చూసుకోవాల్సింది నిన్న ఆ అన్నం ఎంతసేపు బయట ఉందని. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టని అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదలొచ్చు, ఆ విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు.

## పొయ్యి మీద

అరగంట అంటారు, నాకు గంట పడుతోంది. ఏది ముందు చెయ్యాలి?

చెప్పులు విడిచి నేరుగా బియ్యం కడగండి, బట్టలు మార్చుకోవడం తర్వాత. చాలామంది చేపతో మొదలుపెట్టి, అది చల్లారుతుంటే అన్నం కోసం కాచుకుంటారు. కుక్కర్ నొక్కాక చేపని ఫ్రిజ్‌లోంచి తీసి తుడిచి పక్కన పెట్టండి. కీరా, క్యారెట్ తరగండి, సాస్ కలపండి. ఈలోగా పదిహేను నిమిషాలు గడుస్తాయి. కుక్కర్ ఆగేముందు పెనం వెలిగించండి. అన్నం మగ్గే పది నిమిషాల్లోనే చేప అయిపోతుంది. సాల్మన్ ఎప్పుడూ చివరి పని.

పెనానికి అతుక్కుపోయి చితికిపోతోంది. నాన్‌స్టిక్ కూడా పాతదే.

మూడు కారణాలు ఉంటాయి. చేప తడిగా ఉండటం, పెనం కాగకపోవడం, మనకి ఓపిక లేకపోవడం. పెనం మధ్యస్థంగా కాగాక చెంచా నూనె వెయ్యండి. నూనె పల్చబడి మెరుస్తున్నప్పుడు తోలు వైపు కిందికి పెట్టండి. వెంటనే ముక్క అంచులు పైకి ముడుచుకుంటాయి, అట్లకాడతో పది సెకన్లు అదిమి పట్టండి. ఆ తర్వాత కదపొద్దు. పక్క నుంచి చూస్తూ ఉండండి: ముదురు నారింజ రంగు కిందినుంచి పాలిపోతూ పైకెక్కుతుంది, గోడకి చెమ్మ ఎక్కినట్టు. అయిదారు నిమిషాలకి ఆ గీత ముప్పాతిక ఎత్తుకి వస్తుంది. అప్పుడు అట్లకాడ దూర్చితే తోలు తనంతట తానే వదులుతుంది. వదలకపోతే ఇంకో నిమిషం ఆగండి, గోకొద్దు. తిప్పాక ఒక నిమిషం, మహా అయితే రెండు.

ఉడికిందని ఎలా తెలుస్తుంది? మధ్యలో ఇంకా పచ్చిగానే కనిపిస్తోంది.

ఫోర్క్ గుచ్చి కొద్దిగా తిప్పితే రేకులు రేకులుగా విడిపోతే ఉడికినట్టు. మధ్యలో రవ్వంత గాజులా మెరుస్తుంటే దించే సమయం అయింది, పళ్ళెంలో ఆ వేడికే మిగతాది సర్దుకుంటుంది. థర్మామీటర్ ఉంటే అమెరికా ప్రభుత్వం చెప్పే లెక్క 145 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 63 సెల్సియస్. గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవాళ్ళకి ఆ అంకె దాటాకే పెట్టండి. నా ముక్క నేను 130 దగ్గర దించుకుంటాను, అది నా పూచీ. పులుసులో ముక్క ఎంత ఉడికితే అంత పులుపు పడుతుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఇక్కడ పులుసూ లేదు, మర్నాడూ లేదు. మూత పెట్టి ఇంకో పది నిమిషాలు మగ్గించారంటే రంపపు పొట్టే.

ముక్క మీద తెల్లగా, గుడ్డు సొనలా గడ్డకడుతోంది. పాడైందా?

లేదు. అల్బుమిన్ అనే మాంసకృత్తి, వేడికి పిండినట్టు బయటికి వస్తుంది. తినేయొచ్చు. మరీ ఎక్కువగా వస్తోందంటే మంట పెద్దదైనట్టు, లేదా ఎక్కువసేపు ఉంచినట్టు.

పొయ్యి దగ్గర నిలబడలేను. ఎయిర్ ఫ్రయర్‌లో ఎన్ని నిమిషాలు?

అంగుళం మందం ముక్కకి 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. అంగుళం చదరపు ముక్కలుగా కోస్తే ఆరు, ఏడు. ఓవెన్ అయితే 425లో పది నుంచి పన్నెండు. సాకై పల్చన కాబట్టి రెండు నిమిషాలు ముందే తెరిచి చూడండి. తేనె, బెల్లం ఉన్న సాస్ మొదట్లోనే పూస్తే మాడి నల్లబడుతుంది, ఆఖరి రెండు నిమిషాల్లో పూయండి.

ఇల్లంతా నీచు వాసన. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళకి మొహం చూపించలేకపోతున్నాను.

వండాక కిటికీ తెరవడం కాదు, పెనం పెట్టకముందే తెరవండి, చిమ్నీ వెయ్యండి. చేప వచ్చిన ప్యాకెట్, తుడిచిన కాగితాలు ఆ రాత్రే బయట చెత్తలో వెయ్యండి. సగం వాసన పెనానిది కాదు, చెత్తబుట్టది. పడకగది తలుపు మూసి ఉంచండి, దుప్పట్లు వాసన పట్టాయంటే వారం వదలదు.

## సాస్, పైన వేసుకునేవి

బయట తిన్నట్టు తియ్యగా, జిగటగా సాస్ ఎలా చెయ్యాలి?

సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లు, తేనె ఒకటి, రైస్ వెనిగర్ లేదా నిమ్మరసం ఒక టీ స్పూన్, తురిమిన అల్లం అర స్పూన్, ఒక వెల్లుల్లి రెబ్బ. చేప దించిన పెనంలో నూనె వంపేసి ఇవి పోయండి. రెండు నిమిషాల్లో బుడగలు చిన్నవి పోయి పెద్దవి, బద్ధకంగా పగిలేవి వస్తాయి. అప్పుడు ఆపేసి ముక్కల మీద పోయండి. తేనె బదులు బెల్లం తురుము వేస్తే నాకింకా నచ్చుతుంది. మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. అందుకే అన్నంలో ఉప్పు వెయ్యొద్దు. బీపీ ఉన్నవాళ్ళుంటే ఉప్పు తగ్గించిన సీసా కొనండి.

మన నువ్వుల నూనె వాడొచ్చా?

వేయించడానికి భేషుగ్గా. వాసన కోసం పైన చల్లే నూనె మాత్రం వేరు. అది దోరగా వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె, అర స్పూన్ చాలు. అది లేకపోతే వేయించిన నువ్వులు చేత్తో నలిపి చల్లండి.

కీరా, అవకాడో కాక ఇంకేం వెయ్యొచ్చు?

నాలుగు ఉంటే చాలు: కరకరలాడేది, మెత్తటిది, పుల్లటిది, కారంగా ఉండేది. కీరా, అవకాడో, నిమ్మరసంలో ఉప్పేసి పది నిమిషాలు ఉంచిన ఉల్లిపాయ, సన్నగా తరిగిన పచ్చిమిర్చి ఉంటే గిన్నె నిండినట్టే. అవకాడో దొరక్కపోతే సగం ఉడికిన గుడ్డు వేసుకోండి. పండిన మామిడికాయ కూడా భలే కుదురుతుంది. నోరి కాగితాలు (సముద్రపు నాచుని ఎండబెట్టి చేసిన పల్చటి రేకులు) వడ్డించాకే చించండి, ముందే వేస్తే తడి గుడ్డలా అవుతాయి.

నవ్వకండి, ఆవకాయ వేసుకోవచ్చా?

నవ్వను, మా ఇంట్లో ఆ యుద్ధం అయిపోయింది. సోయా సాస్, ఆవకాయ కలిస్తే ఉప్పు ఉప్పుగా తగలడం తప్ప ఏమీ మిగలదు. సాస్ మానేసి, మూడు స్పూన్ల మయోనైజ్‌లో అర స్పూన్ ఆవకాయ ఊట కలిపి వేసుకోండి. శ్రీరాచా అనే మిరపకాయ సాస్ కలిపిన మయో కూడా దీని ముందు దిగదుడుపే.

అత్తగారు కార్తీకమాసం చేస్తున్నారు. ఆవిడకీ ఇదే గిన్నె ఎలా?

ముక్క బదులు పనీరో టోఫూనో వేరే పెనంలో, చేప కంటే ముందు వేయించండి. సాస్ కూడా ఆ పెనంలోనే చేసి, ఆవిడ వాటా తీసిపెట్టి మిగతాది మీరు తీసుకోండి. వెల్లుల్లి, తేనె పడవంటే రెండూ లేకుండా బెల్లంతో కాయండి. సీసాల మీద చిన్న అక్షరాలు చదవండి. చాలా కిమ్చీల్లో (కొరియావాళ్ళ క్యాబేజీ ఊరగాయ) చేప సాసో రొయ్యపొడో ఉంటుంది, అన్నం మీద చల్లే జపాన్ ఫురికాకేల్లో చాలావాటిలో ఎండుచేప తురుము ఉంటుంది. పైకి చూస్తే నువ్వుల పొడిలాగే కనిపిస్తుంది.

వండకుండా, పోకే బౌల్‌లా పచ్చిగా తినొచ్చా?

మామూలు కౌంటర్‌లో కొన్న ముక్కతో వద్దు. సాల్మన్‌లో పురుగులుండే అవకాశం ఉంది. వాటిని చంపాలంటే మైనస్ 20 సెల్సియస్‌లో ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార శాఖ లెక్క. ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. సుషీ గ్రేడ్ అన్న మాటకి అమెరికాలో చట్టపరమైన నిర్వచనం లేదు, కాబట్టి పచ్చిగా తినడానికే గడ్డకట్టించిందా అని కొట్టువాణ్ణి నోరు తెరిచి అడగండి. జపాన్‌లో కూడా సుషీలో పచ్చి సాల్మన్ పాత ఆచారం కాదు. పెంచిన చేపని అమ్ముకోవడానికి నార్వే వాళ్ళు 1980ల్లో వెంటపడి అలవాటు చేశారు.

## ఇంట్లో వాళ్ళకి, రేపటికి

ఐదో నెల. సాల్మన్ తినొచ్చా? పాదరసం అంటున్నారు.

బాగా ఉడికినది తినొచ్చు. అమెరికా ఆహార శాఖ పాదరసం తక్కువున్న చేపల వరుసలోనే సాల్మన్‌ని పెట్టింది. అలాంటి చేపలన్నీ కలిపి గర్భిణులు వారానికి 8 నుంచి 12 ఔన్సులు తినమంటుంది. పచ్చిది, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే స్మోక్డ్ సాల్మన్ మాత్రం దూరం పెట్టండి. మీ డాక్టరు వేరేగా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

రేపు ఆఫీసు లంచ్‌కి పట్టుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి. వండిన సాల్మన్ ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులుంటుంది. అన్నం ఒక డబ్బాలో, చేప ఇంకో డబ్బాలో, కూరముక్కలు విడిగా. అన్నాన్ని పొగలొచ్చేదాకా వేడి చెయ్యండి. చేపని మైక్రోవేవ్‌లో పెట్టకండి, చల్లగానే చిదిమి వేడన్నంలో కలపండి. అలా కలిపితే చేప ఎండిపోదు, పాంట్రీలో ఎవరూ మీ వైపు తిరిగి చూడరు.